బుల్లిరాజు గారి ఇరవై ఒకటో ప్రింటు

ఒక ఫొటోని ఇరవై ప్రింట్లే వేస్తాను, ఆ తర్వాత ఎవరడిగినా వేయను అని ఎవరైనా అంటే నేను నమ్మను. ఎందుకు నమ్మాలి? వేసేది మిషను. ఇరవై తర్వాత ఆగాలని దానికేం తెలుసు? కాగితం పెడితే వేస్తుంది, పెట్టకపోతే ఊరుకుంటుంది. రాజమండ్రిలో ఒక కలర్ ల్యాబులో ఆ మిషను నడిపేది నేనే కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చున్నాను. కాలేజీలో చెప్పిందీ నమ్మలేదు, ఇక్కడ కస్టమర్లు చెప్పేదీ నమ్మను.

అలాంటి నా దగ్గరికి మండపేట నుంచి బుల్లిరాజు గారు వచ్చి, "ఒరే మణీ, లిమిటెడ్ ఎడిషన్ వేద్దాంరా" అన్నారు.

"అంటే ఏంటండీ?" తెలిసే అడిగాను.

"ఇరవై వేస్తాం. ఒక్కోదాని మీదా నంబరేసి సంతకం పెడతాను. ఇంక ఆ ఫొటో వేయను. చచ్చినా వేయను."

"వేస్తే ఎవరు చూడొచ్చారండీ?"

"నేను చూస్తాను కదరా" అన్నారాయన.

ఆ జవాబు నాకు జవాబులా అనిపించలేదు.

ఆయన అరవై దాటిన మనిషి. మండపేట మార్కెట్ వీధిలో మేడ మీద స్టూడియో. చుట్టుపక్కల ఊళ్లలో రెండు తరాల పెళ్లిళ్లు తీశారు. ముహూర్తం దాటిపోతోందని అందరూ కంగారు పడుతుంటే ఈయన మాత్రం స్టూలెక్కి నిలబడి, "పంతులుగారూ, కాస్త పక్కకి జరగండి. దేవుడికి మీరు ఎటు నుంచైనా కనపడతారు. నాకు పెళ్లికూతురు కనపడట్లేదు" అనేవారట. తర్వాత డ్రోన్ల కుర్రాళ్లొచ్చారు. పెళ్లికూతుళ్లని వరిచేల గట్ల మీద పరిగెత్తించడం మొదలెట్టారు. ఈయన మోకాళ్లకి ఆ పరుగు కుదరలేదు. ఇప్పుడాయనకి మిగిలింది పాస్‌పోర్టు ఫొటోలూ, పోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి దండ పట్టేలా ఫ్రేము కట్టడమూ. "పోయినవాళ్లతో హాయిరా, కదలరు" అని ఆయనే నవ్వేవారు.

ఆయన తెచ్చిన ఫొటో సంగతి చెప్పాలి. పాతికేళ్ల పైమాటే, కోటిపల్లి రేవు దగ్గర తీసింది. పెళ్లికొడుకు వాళ్లు అవతలి ఒడ్డుకి తరలి వెళ్తున్నారు. చుట్టాలూ, బాజాలవాళ్లూ, వంటవాళ్లూ, వాళ్ల సామానూ అంతా ఒకే పంటు మీద. నది మధ్యకొచ్చేసరికి వాన దంచింది. బుగ్గన చుక్క కరిగి కారుతున్న పెళ్లికొడుకు వెనకాల మొహం మాడ్చుకుని ఉన్నాడు. ముందు మాత్రం వంటవాళ్లలో ఒక పడుచు, అన్నం వండే పెద్ద గుండిగని బోర్లించి నెత్తిన పెట్టుకుంది. కళ్లూ ముక్కూ కనపడవు. గుండిగ అంచు కింద నుంచి నవ్వుతున్న నోరొక్కటే కనిపిస్తుంది. ముగ్గురు పిల్లలు ఆమె నడుం పట్టుకుని ఆ గుండిగ నీడలోకి దూరారు. గుండిగ మీద పడ్డ చినుకులు చిట్లి తెల్లటి వలయంలా లేచాయి.

బాగుంది. అది కాదనను.

పెళ్లివాళ్లు ఆ ఫొటో ఆల్బమ్‌లో పెట్టనివ్వలేదట. వంటమనిషి ఫొటో మాకెందుకు, పైగా అబ్బాయి ఏడుస్తున్నట్టున్నాడు అన్నారట. అలా నెగటివ్ ఆయన దగ్గరే ఉండిపోయింది. విశాఖలో ఏదో డిజైన్ కంపెనీలో పనిచేసే ఆయన కూతురు సాయిప్రసన్న సెలవులకొచ్చినప్పుడు దాన్ని స్కాన్ చేయించి, "నాన్నా, ఇది పాస్‌పోర్టు ఫొటో కాదు, అడిగినవాళ్లకల్లా అడిగినన్ని వేసివ్వడానికి" అని ఈ లిమిటెడ్ మాట చెవిలో వేసింది. ఆ అమ్మాయి ప్రతి ప్రింటు వెనకా అంటించడానికి ఒక చీటీ రాసిచ్చింది. 'ఈ చిత్రం ఇరవై ప్రతులే' అని. బుల్లిరాజు గారికి అది చప్పగా అనిపించింది. కింద ఇంకో వాక్యం కలిపారు: 'ఇరవై ఒకటోది కనిపిస్తే నేను అబద్ధాలకోరుని. ప్రతులన్నీ వెనక్కి తీసుకుని ఎవరి సొమ్ము వాళ్లకిస్తాను.'

"ఇంత అవసరమా అండీ?" అన్నాను.

"మండపేటలో మాట చాలదురా, పూచీ ఉండాలి" అన్నారు.

ప్రింట్లు వేసే రోజున నా పక్కనే కూర్చుని ఒక్కోదాన్నీ వెలుతురులోకి పట్టుకుని చూశారు. ఇరవై పూర్తయ్యాయి. మిషను ఆపబోతుంటే, "ఇంకోటి వెయ్యి" అన్నారు.

"ఇరవై కదండీ?"

"మరక పడితేనో? ఉండనీ."

దేని మీదా మరక పడలేదు. నేను చూశాను. ఇరవై ఒకటోదాన్ని విడిగా చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. చీటీ రాసి వారం కాలేదు, అప్పుడే ఇలా. నాకు నవ్వొచ్చింది. అంతకు మించి ఆశ్చర్యపోలేదు.

మండపేటలో అమ్మకం ఎలా సాగిందో ఆయనే వచ్చినప్పుడల్లా చెప్పేవారు. ప్రింటు కింది అంచున పెన్సిలుతో 4/20 అని రాసి ఉంటే, "ఏంటండీ, ఇరవైకి నాలుగు మార్కులే వచ్చాయా మీ ఫొటోకి?" అని ఒకాయన అడిగాడట. ఎనిమిదో నంబరు ఎవరూ ముట్టుకోలేదు, శనిది అని. చివరికి ఒక హోమియో డాక్టరు గారు తీసుకున్నారు. తొమ్మిదో నంబరు మాత్రం ముగ్గురికి కావాలి. "మూడు తొమ్మిదులు వేసెయ్యండి, మేం ముగ్గురం ఒకరింటికి ఒకరం వెళ్లం" అని కూడా అన్నారట. ఈయన ఒప్పుకోలేదు.

ఆ తొమ్మిది జోగేశ్వరరావు గారికి దక్కింది. రైసు మిల్లు యజమాని, ధాన్యం వ్యాపారంలో పుట్టి పెరిగిన షావుకారు. బస్తాలోకి బొంబు అనే ఇనప గొట్టం గుచ్చి గింజ చూడందే పక్కింటివాడి ధాన్యం కూడా కొనరు. ఆయన మొదటిరోజే అనేశారు: "విత్తనం మీ గాదెలో ఉంచుకుని, పంట ఇంతే పండుతుందంటే ఎలా నమ్ముతామండీ?" అని. అయినా కొన్నారు, అవతలి మిల్లాయన అడిగాడని తెలిసి. మిల్లు ఆఫీసులో లక్ష్మీదేవి పటం పక్కనే తగిలించారు.

పంతొమ్మిది అమ్ముడయ్యాయి. ఇరవయ్యోది బుల్లిరాజు గారు తన స్టూడియో గోడకే ఉంచుకున్నారు. అది అమ్మరు.

ఆ తర్వాత కొన్నాళ్లకి నేను ఏవో ప్రింట్లు ఇవ్వడానికి మండపేట వెళ్లాను. స్టూడియో మెట్లెక్కుతుంటే ఆయన ఎదురు దిగుతున్నారు.

"పద, నువ్వూ రా. షావుకారు రమ్మన్నారు. వేసింది నువ్వే కదా."

మిల్లు ఆఫీసులో జోగేశ్వరరావు గారు తీరిగ్గా కూర్చుని ఉన్నారు. కుర్చీలు చూపించారు, కాఫీ తెప్పించారు. అంత మర్యాద చేస్తున్నారంటే ఏదో ఉందని నాకు అర్థమైంది. కాఫీ తాగడం అయ్యాక తన ఫోన్ మా ముందుకి తోశారు.

"మా గుమస్తా పంపాడండి. పాపాయి మెస్సులో భోంచేస్తుంటే కనపడిందట."

ఫోన్‌లో ఒక గోడ, గోడ మీద గుండిగ ఫొటో, కింద అరటాకు ముందు కూర్చుని మిరపకాయ కొరుకుతున్న లారీ డ్రైవరు.

నేను బుల్లిరాజు గారి వైపు చూశాను. దొరికారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా లెక్క తప్పు కానందుకు కొంచెం సంతోషంగానే ఉంది.

"అది నంబర్లలోది కాదండి" అన్నారాయన.

"నాకూ అదే అనుమానం. మీ చీటీలో ఏముంది?" షావుకారు లేచి తొమ్మిదో నంబరు ఫ్రేము తీసి, వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని చదివారు. "అబద్ధాలకోరుని అని మీరే రాశారు. నేననలేదు."

"అమ్మింది కాదండి అది. కొసరు."

"కొసరా?"

"ప్రతి పెళ్లికీ ఆల్బమ్ ఇచ్చాక ఒక ఫొటో పైన వేసి ఎవరికో ఒకరికి ఇచ్చేవాణ్ని. డోలు వాయించేవాడికో, మంగలికో, వంటమనిషికో. వాళ్లూ ఉన్నారు కదండీ పెళ్లిలో. దానికి లెక్క లేదు. మీరు కాటా వేశాక పైన గుప్పెడు పోస్తారు. అది తూకంలోకి వస్తుందా చెప్పండి?"

షావుకారు తన వ్యాపారం మాటతోనే తనని కొట్టినందుకు గడుసుగా నవ్వారు.

"రాదండి. కొసరు తూకంలోకి రాదు. ఒప్పుకున్నాను. కానీ ఒక్క మాట. నేను పోసిన గుప్పెడు కొన్నవాడి సంచిలో పడుతుందా, పక్కవాడి సంచిలోనా?"

బుల్లిరాజు గారు ఖాళీ కాఫీ గ్లాసుని పక్కకి జరిపారు.

"కొన్నది నేను. నా కొసరు ఏదండీ?"

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన మా ముందే ఫోన్ తీసి అవతలి మిల్లాయనకి చేశారు. "ఏవోయ్, బుల్లిరాజు గారు ఫొటోకి కొసరు ఇస్తున్నారట, నీకిచ్చారా?" అంతే. మేం స్టూడియోకి తిరిగొచ్చేలోపు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. హోమియో డాక్టరు గారితో సహా. ఒక్కరూ సొమ్ము వెనక్కిమ్మని అనలేదు. కొసరిమ్మన్నారు. ఇవ్వకపోతే మాత్రం చీటీ ప్రకారం అందరూ ప్రతులు తెచ్చి మెట్ల మీద పెట్టేస్తారట.

"వేసి ఇచ్చేద్దాం అండీ, గొడవ వదిలిపోతుంది" అన్నాను. "మిషనుకి పూట పని."

ఆయన నా వైపు చూసిన చూపుకి నేను తలుపు వైపు జరిగాను.

"ఇరవై అని సంతకం పెట్టి నలభై ఇవ్వమంటావా? అప్పుడు చీటీలో ఉన్న మాట నిజమవుతుందిరా. అబద్ధాలకోరుననే మాట."

"మరి వెనక్కి తీసుకుంటారా?"

వెనక్కి తీసుకుంటే ఆ ఊళ్లో ఆయన మేడ దిగలేరు. ఆయన తీసిన ఏ ఫొటో మీదా ఏ నంబరూ ఇంకెవరూ నమ్మరు. పోయినవాళ్ల ఫొటో అడగడానికి వచ్చినవాడు కూడా, 'ఇది మా నాన్నదేనా?' అని రెండుసార్లు చూసుకుంటాడు. మండపేట అలాంటిదే. ఆ సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసు.

చాలాసేపు గోడకున్న తన ఇరవయ్యో నంబరునే చూస్తూ కూర్చున్నారు. తర్వాత షావుకారుకి ఫోన్ చేసి, "మీరొక్కరు పాపాయి మెస్సు దగ్గరికి రండి. మీ కళ్లతో చూద్దురుగాని" అన్నారు. జేబులో పెన్సిలు ఉందో లేదో తడుముకున్నారు.

మెస్సులో భోజనాల వేళ అయిపోయింది. పాపాయి గారు విస్తళ్లు తీయించి బల్లలు తుడుస్తున్నారు. ఫొటో చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా ఉంది.

షావుకారు రాగానే దాని ముందు నిలబడి, "నంబరేదమ్మా దీని మీద?" అన్నారు.

"ఫొటోకి నంబరేంటి షావుకారు గారూ? నా ఆధార్ నంబరు వేయించమంటారా?"

"నీది ఎందుకు?"

"అందులో ఉన్నది నేనే కదండీ!"

షావుకారు గుండిగ కేసి చూశారు, ఆవిడ కేసి చూశారు. "మొహమే లేదు, నువ్వని నమ్మకమేంటి?"

"పళ్లు చూడండి. అప్పుడు ముప్పై రెండూ ఉండేవి, ఇప్పుడు రెండు తక్కువ" అని పెద్దగా నవ్వి చూపించారు. షావుకారు నిజంగానే వంగి, ఫొటోలో నోరూ ఎదురుగా ఉన్న నోరూ మార్చి మార్చి చూశారు. నేనూ చూశాను. నవ్వు అదే. అయినా షావుకారు తల పంకించారు గానీ అవునని అనలేదు.

"అమ్మా పాపాయీ, దాన్ని ఒకసారి కిందికి దించాలి" అన్నారు బుల్లిరాజు గారు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఎందుకన్నయ్యా? ఇచ్చింది మళ్లీ తీసుకుపోతావా? ఈ షావుకారు చెప్పాడనా?"

"తీసుకుపోను. పెన్సిలుతో చిన్న పనుంది."

"నువ్వు పెళ్లిళ్లలో అందరికీ పెద్ద ఫొటోలిచ్చి, ఆ రోజు మాత్రం నాకివ్వలేదు. ఇన్నేళ్లకి తెచ్చిచ్చావు. ఇప్పుడు పట్టుకెళ్తే మాత్రం ఈ మెస్సు గుమ్మం తొక్కనివ్వను, చెప్తున్నా."

"తొక్కుతానమ్మా, రేపు కూడా ఇక్కడే తింటాను. దించనీ."

ఫ్రేము దించి బల్ల మీద బోర్లా పెట్టి మేకులు ఊడదీశారు. ప్రింటు తీసి, అంచుకి అంటిన పులుసు చుక్కని గుడ్డతో ఒత్తి తుడిచారు. కింది తెల్లటి అంచు మీద నెమ్మదిగా 20/20 అని రాశారు. పక్కన సంతకం పెట్టారు. ఆ సంతకం మిగతావాటి మీద ఉన్నంత కుదురుగా లేదు. నేను చూశాను.

షావుకారు వెంటనే పట్టుకున్నారు. "ఇరవయ్యోది మీ స్టూడియోలో ఉంది కదండీ. ఇప్పుడు రెండు ఇరవైలు అయ్యాయి. ఇదెక్కడి లెక్క?"

"రండి" అన్నారు బుల్లిరాజు గారు.

స్టూడియోలో ఆయన గోడ మీది ఫ్రేము తీశారు. ప్రింటు బయటికి లాగి, పాస్‌పోర్టు ఫొటోలు కోసే కట్టరు మీద పెట్టారు. మొదటి కోత గుండిగ పక్క నుంచి, నది మీదుగా పోయింది. తర్వాత ఇంక చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. నిలువుగా, అడ్డంగా, పాస్‌పోర్టు సైజుకి. పెళ్లికొడుకు ఒక ముక్కలో, ఒక పిల్లాడి చెయ్యి ఒక ముక్కలో, వాన చాలా ముక్కల్లో. అలా కోయాలని ఆయన అనుకున్నట్టు లేదు. వేరేలా కోయడం ఆ చేతికి రాదు, అంతే.

షావుకారు ముక్కలన్నీ దగ్గరికి చేర్చి, ఆటలో పేకముక్కలు సర్దినట్టు సర్దారు. ఒకటి తగ్గిందేమోనని చూస్తున్నారని నాకర్థమైంది. నవ్వు ఉన్న ముక్కని కాసేపు వేళ్ల మధ్య పట్టుకున్నారు.

"అది కూడా పెట్టేయండి" అన్నారు బుల్లిరాజు గారు.

పెట్టేశారు. "మరి నెగటివో?" అన్నారు, గొంతు కొంచెం తగ్గించి.

బుల్లిరాజు గారు బీరువాలోంచి కవరు తీసి చూపించారు. స్కాన్ చేయించాక వచ్చిన వర్షాకాలానికే చెమ్మ తగిలి బూజు పట్టింది. వెలుతురుకి పట్టుకుంటే గుండిగ స్థానంలో బూడిదరంగు మచ్చ. షావుకారు గోరుతో గీకి, వాసన కూడా చూశారు. బూజే.

"అయితే ఇంక ఉన్నది..." అంటూ ఆగారు. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు.

ఫైలు నా సిస్టంలో ఉంది.

మర్నాడు ల్యాబు తలుపులు తీసేసరికే బుల్లిరాజు గారు గుమ్మం ముందున్నారు. రాజమండ్రి మొదటి బస్సుకే వచ్చేసినట్టున్నారు. నా పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, "తీసెయ్" అన్నారు.

తీసేశాను.

"చెత్తబుట్టలోది?"

అదీ ఖాళీ చేశాను.

"పెన్ డ్రైవు? ఓనరు సిస్టం? నీ ఫోను?"

అన్నీ తెరిచి చూపించాను. ఏదీ ఆయనకి సరిగ్గా అర్థం కాదు. అయినా తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చదివించుకున్నారు. కూతురి దగ్గరున్నది కూడా నా ముందే వీడియో కాల్ చేసి తీసేయించారు. ఆ అమ్మాయి అటు నుంచి గట్టిగా ఏదో అంటోంది. "నీది కూడా తీసెయ్యమ్మా, నాకు చూపించు" అని మళ్లీ మళ్లీ అన్నారు. ఆ ఫొటో ఆయన జీవితంలో తీసిన మంచి ఫొటో. ఇప్పుడు చూడాలనుకుంటే మెస్సుకో, మిల్లుకో వెళ్లాలి.

ఎవరూ ప్రతి వెనక్కి తేలేదు. కొసరు మాట కూడా ఎవరూ ఎత్తలేదు. ముక్కలు చేసిన సంగతి షావుకారే ఊరంతా చెప్పారట, "నా కళ్ల ముందే కోశాడండీ, నేను దగ్గరుండి కోయించాను" అని.

అంతా సద్దుమణిగింది అనుకున్నాక నాకు ఫోన్ వచ్చింది. జోగేశ్వరరావు గారు.

"బాబూ మణిదీప్, బాగున్నావా? భోంచేశావా?"

ఆ మర్యాద వినగానే నాకు మిల్లు కాఫీ గుర్తొచ్చింది.

"చెప్పండి."

"ఏం లేదు. మా బావమరిదిది తణుకు. ఆ గుండిగ ఫొటో చూసి ముచ్చటపడ్డాడు. ఫైలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కదా? మీ కంప్యూటర్లలో ఏదీ నిజంగా పోదంటారు. ఒక్కటి వెయ్యి. నంబరక్కర్లేదు. మనిద్దరి మధ్యే."

"లేదండి. తీసేశాను."

"తీసేశావా? నిజంగానే?"

"నిజంగానే అండి."

"సరేలే, మంచిది" అని పెట్టేశారు. మంచిది అన్న మాట నిరాశతో అన్నారో, సంతోషంతో అన్నారో తేల్చుకోలేకపోయాను. నిజంగా ఇంకొకటి కావాలా, లేక బస్తాలోకి బొంబు గుచ్చినట్టు నన్ను గుచ్చి చూశారా? అసలు తణుకులో ఆయనకి బావమరిది ఉన్నాడా? నాకింకా తెలియదు.

వారం తర్వాత బుల్లిరాజు గారు ఎవరిదో పోయినవాళ్ల ఫొటో పట్టుకుని ల్యాబుకి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. షావుకారుని తిడతారనుకున్నాను. కనీసం నవ్వుతారనుకున్నాను.

ఆయన నవ్వలేదు. నా మొహంలోకి చూశారు.

"నువ్వేమన్నావ్?"

"లేదన్నానండి."

"లేదనే అన్నావు కదా?"

"అవునండి."

చేతిలో ఫొటో పక్కన పెట్టి, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు.

"ఏదీ, ఆ సిస్టం ఒకసారి తెరువు."